మూడు తరాల ఓపిక, మూడేళ్ల లెక్క

నిజామాబాద్‌లో 2025 జూన్ 29న జాతీయ పసుపు బోర్డు ఆఫీసు తెరిచినప్పటి నుంచి మా దొంకేశ్వర్ చాయ్ హోటల్లో ఒక వాదం నడుస్తోంది. బోర్డు వచ్చింది కాబట్టి ఇక కంపెనీలు వస్తాయట. వచ్చేవాటిలో షేర్ మార్కెట్ కంపెనీలు వద్దట, ఒక కుటుంబం చేతిలో ఉన్న కంపెనీ కావాలట. దానికి కారణం కూడా చెబుతారు. షేర్ల కంపెనీ మూడు నెలలకోసారి లాభం చూపించాలి, చూపించలేని రోజున ఫ్యాక్టరీకి తాళం వేస్తుంది. కుటుంబం కంపెనీ అలా కాదు. తాత పెట్టాడు, మనవడు నడపాలి. పేరు ఇంటిది, పరువు ఇంటిది. నష్టమొచ్చినా ఓర్చుకుంటుంది, ఊరిని వదలదు.

చదువుకున్నవాళ్లైతే ఫ్రాన్స్ దాకా పోతారు. రఫేల్ యుద్ధ విమానం చేసే దసో వాళ్లను చూడండి, వందేళ్లుగా ఒకే ఇల్లు అంటారు. ఆ రఫేల్ ఫ్యూజిలేజ్, అంటే రెక్కలూ ఇంజన్లూ తీసేస్తే మిగిలే విమానం ఒళ్లు, ఇక హైదరాబాద్‌లో తయారవుతుందని 2025 జూన్ 5న టాటా వాళ్లతో దసో ఒప్పందాలు చేసుకున్నాక ఈ మాటకు మరీ బలం వచ్చింది. ఫ్రాన్స్ బయట ఆ పని జరగడం అదే మొదటిసారి. పత్రికల వ్యాపార పేజీలూ అదే అంటున్నాయి, మేనేజ్‌మెంట్ చదివి వచ్చిన మా ఊరి పిల్లలూ అదే అంటున్నారు.

నాకు ఈ మాట మీద గురి లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు గంజుకు పోవాలి.

మా తాత కాలం నుంచి మా పసుపు నిజామాబాద్ గంజులో ఒకే అడ్తికి, అంటే కమీషన్ దుకాణానికి, పోయేది. జూన్‌లో విత్తనం వేస్తే తవ్వేది సంక్రాంతి దాటాక. తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో పదిహేను రోజులు ఎండబోసి, మబ్బు పట్టిన ప్రతి రాత్రీ టార్పాలిన్లు పట్టుకుని ఉరికి, డ్రమ్ములో పాలిష్ పట్టించి, కాడి (కొమ్ము) వేరు గోళ (దుంప) వేరు చేసి సంచులకెత్తేసరికి మార్చి వచ్చేది. అడ్తి కాడ దిగగానే సేటు మా బాపును గద్దె మీద తన పక్కన కూర్చోబెట్టుకునేవాడు. చాయ్ వచ్చేది. "నీ అయ్య మా అయ్య కాడికే తెచ్చిండు పటేలా, మనది మూడు తరాల సంబంధం" అనేవాడు. అది అబద్ధం కాదు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో నిజంగానే అభిమానం కనబడేది. తర్వాత ఖరీదుదారు వచ్చి, రాశిలోంచి రెండు కొమ్ములు తీసి, ఒకదానికొకటి తాకించి చప్పుడు విని, ఒకటి విరిచి లోపలి రంగు చూసి ధర చెప్పేవాడు. ఆ ధర అడ్తికి మొదటిసారి వచ్చిన పక్క ఊరి రైతుకెంతో మాకూ అంతే. ధర పడిపోయిన ఏడు మూడు తరాల సంబంధం క్వింటాలుకు ఒక్క రూపాయి కలపలేదు. సేటును నేను తప్పుపట్టను. అభిమానం గద్దె మీదిది, ధర రాశి మీదిది. ఈ రెండింటినీ ఒకటిగా చూసేవాళ్లే కుటుంబం కంపెనీ అనగానే మురిసిపోతారు.

ఓపిక ఎవరి రక్తంలోనూ ఉండదు. ఎదురుచూసినన్నాళ్లూ ఖర్చు ఎవరు భరించారు? అమ్ముకుని పోవాలంటే తలుపు ఎటు తీసి ఉంది? ఈ రెండూ వదిలేసి కంపెనీ వెనక కుటుంబం ఉందా అని అడగడం, ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూడకుండా అమ్మేవాడి ఇంటిపేరు అడిగినట్టు ఉంటుంది.

దసో ఇంటి కథ గొప్పదే, దాన్ని తక్కువ చేయను. అసలు ఇంటిపేరు బ్లోక్. 1892లో పుట్టిన మార్సెల్ బ్లోక్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాలకు ప్రొపెల్లర్ చేసి పైకి వచ్చాడు. 1936లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన ఫ్యాక్టరీలను జాతీయం చేసింది. రెండో యుద్ధంలో జర్మన్లకు పని చేయనన్నాడు, యూదు కుటుంబంవాడు, బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945లో చావు తప్పి బయటపడ్డాడు. ఆయన అన్న ప్రతిఘటన ఉద్యమంలో వాడుకున్న మారుపేరు ఫ్రెంచిలో యుద్ధ ట్యాంకును పిలిచే మాట నుంచి పుట్టింది. దాన్నే ఇంటిపేరు చేసుకుని దసో అయ్యాడు. 1953లోనే మనకు ఊరగాన్ జెట్లు అమ్మాడు. మన వైమానిక దళం వాటికి తూఫానీ అని పేరు పెట్టుకుంది. తర్వాత మిస్టేర్ వచ్చింది, 1985లో మిరాజ్ 2000 వచ్చింది, దానికి వజ్ర అని పేరు. 2016లో 36 రఫేళ్లకు ఒప్పందం, 2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి మరో 26. మార్సెల్ 1986లో పోయాక కొడుకు సెర్జ్, 2018లో సెర్జ్ పోయాక అతని పిల్లలు. విమానాల కంపెనీలో మూడింట రెండొంతులు ఈనాటికీ కుటుంబం హోల్డింగ్ కంపెనీ చేతిలోనే ఉంది. ఫ్రాన్స్‌లో పేరున్న లె ఫిగారో దినపత్రిక కూడా 2004 నుంచి వాళ్లదే. విమానాలు కొనే సర్కారు మీద వార్తలు రాసే పత్రిక కూడా విమానాలు అమ్మేవాడిదే అయితే ఎంత హాయో, మన రాష్ట్రాల్లో చానళ్లు చూసేవాళ్లకు నేను చెప్పాలా.

సరే, ఓపిక సంగతి చూద్దాం. రఫేల్ మొదటి నమూనా గాల్లోకి లేచింది 1986 జులై 4న. మొదటి విదేశీ కొనుగోలుదారు ఈజిప్టు, 2015లో. మధ్యలో దగ్గర దగ్గర ఇరవై తొమ్మిదేళ్లు. కుటుంబం ఓపిక అంటే ఇదీ అని చూపించేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ఒక్క అడుగు ముందుకేసి ఆ ఇరవై తొమ్మిదేళ్లూ బువ్వ పెట్టిందెవరని అడగరు. విమానాన్ని రూపొందించిన ఖర్చులో సింహభాగం ఫ్రాన్స్ ఖజానాది. బయట ఒక్కటీ అమ్ముడుపోని రోజుల్లో ఫ్యాక్టరీని నడిపింది ఫ్రాన్స్ సొంత సైన్యం ఆర్డర్లు. 1981లో మిత్తెరాఁ ప్రభుత్వం కంపెనీలో పెద్ద వాటానే తీసుకుంది. నెలనెలా జీతం పడేవాడు పంట ధర కోసం ఆగగలడు. అప్పు తెచ్చి పసుపు వేసినవాడు ఆగలేడు. మొదటివాడికి ఓపిక ఎక్కువని, రెండోవాడికి తొందర ఎక్కువని మనం అనం కదా.

మరి ఖజానా వెనక లేనిచోట ఇదే ఇల్లు ఎన్నాళ్లు ఆగుతుంది? దానికి జవాబు కోసం పారిస్ పోనక్కర్లేదు. దసో ఇల్లు హైదరాబాద్‌కు రావడం ఈ రఫేల్ ఫ్యూజిలేజ్‌తో మొదలు కాదు. అంతకుముందూ ఒకసారి వచ్చింది. వచ్చిన సంగతీ పోయిన సంగతీ మనలో చాలామందికి తెలియదు, ఎందుకంటే అది ఇంకొకరి వెనక నిలబడి వచ్చింది.

శాంతా బయోటెక్నిక్స్ తెలియనివాళ్లు ఉండరు. నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్‌రెడ్డి తన తల్లి పేరు మీద 1993లో హైదరాబాద్‌లో పెట్టిన కంపెనీ. కాలేయాన్ని తినేసే హెపటైటిస్ బి జబ్బుకు టీకా అప్పట్లో విదేశాల నుంచి రావాలి, ఒక్క డోసుకు వందల రూపాయలు పెట్టాలి. ఇంట్లో అయిదుగురుంటే, ఒక్కొక్కరికి మూడు డోసులంటే, ఎకరం పసుపు మీద మిగిలింది సూదికే పోవాలి. (పచ్చకామెర్లకు ఆకుపసరు పోసే ఊళ్లు మావి. పసుపు పండించేవాళ్ల కళ్లు పసుపెక్కితే మందుకు పైసలుండేవి కావు.) ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ పరిశోధనశాల ఆసరాతో, ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టిన డబ్బుతో శాంతా వాళ్లు 1997లో షాన్‌వాక్ బి తెచ్చారు. జన్యు పరిజ్ఞానంతో ఈ దేశంలోనే తయారైన మొదటి హెపటైటిస్ టీకా అది. డోసు 50 రూపాయలకు వచ్చింది.

2006 నవంబరులో శాంతాలో 60 శాతం వాటాను ఫ్రాన్స్‌కు చెందిన మెరియూ అలయన్స్ కొంది. లియోన్ నగరంలో 1897లో పాశ్చర్ శిష్యుడు మార్సెల్ మెరియూ పెట్టిన ప్రయోగశాల ఆ ఇంటికి మూలం. కొడుకు షార్ల్, మనవడు అలాఁ. టీకాలే ఆ ఇంటి కులవృత్తి అనొచ్చు. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది అని మన పత్రికలు సంబరపడ్డాయి. నేనూ సంబరపడ్డాను, దాచుకోను. మెరియూ వాళ్లు శాంతాను నేరుగా కొనలేదు. ఫ్రాన్స్‌లో షాన్‌హెచ్ అని ఒక కంపెనీ పెట్టి దాని పేరుతో కొన్నారు. ఆ షాన్‌హెచ్‌లో తర్వాత 20 శాతం వాటా తీసుకున్న రెండో ఇల్లే దసో. ఒక్క కుటుంబం కాదు, రెండు. ఒకటి నూరేళ్లు దాటినది, ఇంకొకటి దాటబోతున్నది. ఓపిక అనేది నిజంగా ఇంటి గుణమే అయితే, శాంతాకు ఈ భూమ్మీద అంతకంటే ఓపికగల యజమాని దొరకకూడదు.

2009 జులైలో రెండు ఇళ్లూ కలిసి షాన్‌హెచ్‌ను ఫ్రాన్స్ మందుల కంపెనీ సనోఫీకి అమ్మేశాయి. శాంతా మొత్తానికి 55 కోట్ల యూరోల విలువ కట్టారు. కొన్నప్పటి నుంచి మూడేళ్లు నిండలేదు. మా దగ్గర కొందరు రైతులు ధర కోసం పసుపును కోల్డ్ స్టోరేజీలో రెండేళ్లు పెట్టుకుంటారు. నూరేళ్ల ఇళ్లు ఆగింది దానికి ఇంకొంచెం ఎక్కువ, అంతే. ఇంకో తమాషా ఉంది. కొన్న సనోఫీ పాశ్చర్, అంటే సనోఫీ టీకాల విభాగం, ఎవరనుకున్నారు? ఆ మార్సెల్ మెరియూ పెట్టిన సంస్థలో 1968లో రోన్ పూలాంక్ అనే రసాయనాల కంపెనీ పెద్ద వాటా కొంది. చేతులు మారీ మారీ అది సనోఫీ పాశ్చర్‌లో కలిసింది. తాత పెట్టిందాన్ని కూడా ఆ ఇల్లు అప్పుడే వదులుకుంది. వదులుకోవడం తప్పని నేను అనడం లేదు. వదులుకోదు అని చెప్పేవాళ్లను మాత్రం ఈ లెక్క చూడమంటున్నాను.

అమ్మాక లాభం మీద పన్ను ఎవరికి కట్టాలన్న పేచీ వచ్చింది. ఆస్తి హైదరాబాద్‌లో ఉంది, కార్మికులు మేడ్చల్‌లో ఉన్నారు, టీకా మన పిల్లల చేతులకు పడుతోంది. కానీ చేతులు మారింది ఫ్రాన్స్‌లోని షాన్‌హెచ్ షేర్లు. మన ఆదాయపు పన్ను శాఖ మాకు కట్టాలంది. 2011లో పన్ను పేచీల మీద ముందస్తు తీర్పులిచ్చే అడ్వాన్స్ రూలింగ్స్ అథారిటీ కూడా అవునంది. 2013 ఫిబ్రవరి 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాన్ని కొట్టేసింది. భారత్, ఫ్రాన్స్ మధ్య ఉన్న పన్నుల ఒప్పందం ప్రకారం ఆ పన్ను ఫ్రాన్స్‌కు చెందుతుందని, షాన్‌హెచ్ పన్ను ఎగ్గొట్టడానికి పెట్టిన బొమ్మ కంపెనీ కాదని తీర్పు చెప్పింది. కోర్టు ఉన్న ఒప్పందాన్ని చదివింది, అందులో వంక పెట్టను. కుటుంబాలు కూడా చట్టం దాటలేదు. నా బాధ అక్కడే మొదలవుతుంది. ఎవరూ తప్పు చేయకుండానే, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగి, మేడ్చల్‌లో పెరిగిన విలువ మీద పన్ను సీన్ నది ఒడ్డుకు పోయింది. కొనేటప్పుడే బయటికి పోయే తలుపు ఎటు పెట్టుకున్నారో చూసుకోవాలని అందుకే అంటున్నాను. ఆ తలుపు కట్టిన చేతులు ఒక ఇంటివా, వెయ్యిమంది వాటాదారులవా అన్నది దాని ముందు చిన్న విషయం.

ఇప్పుడు అసలైన పరీక్ష సంగతి. అయిదు జబ్బులకు ఒకే సూదిగా శాంతా చేసిన షాన్5 టీకాకు 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. దాని మీద యునిసెఫ్ నుంచి 34 కోట్ల డాలర్ల ఆర్డర్ వచ్చింది. 2010లో కొన్ని సీసాల అడుగున తెల్లటి మడ్డి కనిపించడంతో ఆమోదం పోయింది, ఆర్డర్ పోయింది. కంపెనీ కూలిపోవాల్సిన రోజు అది. మళ్లీ ఆమోదం వచ్చేసరికి 2014 అయింది. ఆ నాలుగేళ్లూ నష్టం మోస్తూ, తయారీని మొదటి నుంచి సరిచేసుకుంటూ కూర్చున్నది ఎవరు? మెరియూ ఇల్లా? దసో ఇల్లా? వాళ్లు అప్పటికే లెక్క చూసుకుని వెళ్లిపోయారు. మోసింది సనోఫీ, షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ, మూడు నెలలకోసారి లెక్క చెప్పుకునే కంపెనీ. అది సనోఫీ మంచితనం అని కూడా నేను చెప్పను. అంత డబ్బు పోశాక వెనక్కి తీసుకునే దారి లేక ఆగి ఉండొచ్చు. ఓపిక ఎక్కడి నుంచి వస్తుందో ఇక్కడ తెలిసిపోతుంది. పోలేనివాడు ఆగుతాడు.

దీనికి నాకు వచ్చే జవాబు ఒకటుంది. విమానాలు, టీకాలు వేరు పటేలా, పంట కొనే కంపెనీ వేరు, మట్టితో సంబంధం ఉన్నవాళ్లు అలా చేయరు అంటారు. సరే, పాలు తీసుకుందాం. 1933లో ఫ్రాన్స్‌లోని లవాల్ అనే ఊళ్లో ఆంద్రే బెస్నియే మొదటిరోజు 35 లీటర్ల పాలతో 17 చీజ్ బిళ్లలు చేశాడు. అదే ఇవాళ లాక్టాలిస్, ప్రపంచంలోకెల్లా పెద్ద పాల కంపెనీ. 2000 నుంచి మనవడు ఎమ్మాన్యుయేల్ నడుపుతున్నాడు. షేర్ మార్కెట్ గడప తొక్కలేదు, ఏళ్ల తరబడి ఖాతాలు జనానికి చూపలేదు. మన వాదానికి ఇంతకంటే స్వచ్ఛమైన కుటుంబం దొరకదు. 2014 జనవరిలో మన తిరుమల పాల కంపెనీని కొన్నది వీళ్లే. మన తెలుగువాళ్లు కష్టపడి పెంచిన బ్రాండ్ అది.

ఆ లాక్టాలిస్ 2024 సెప్టెంబరులో సొంత దేశంలో ఒక ప్రకటన చేసింది. పొడి చేసి బయటి దేశాలకు అమ్మే పాలలో గిట్టుబాటు లేదు కాబట్టి, ఫ్రాన్స్ రైతుల నుంచి తీసుకునే పాలను 2030 నాటికి ఏటా 45 కోట్ల లీటర్లు తగ్గించుకుంటాం అని. తాత పాలు పోయించుకున్న దేశంలో, తరతరాలుగా అదే డెయిరీకి పాలు పోసిన ఇళ్లకు, ఇక మీ పాలు వద్దు అని కాగితం వెళ్లింది. 2016లో ధర చాలడం లేదని ఆ రైతులే ట్రాక్టర్లు తెచ్చి లవాల్‌లో కంపెనీ ముందు బైఠాయించారు. వాళ్ల కుటుంబాలకూ మూడు తరాలు ఉన్నాయి. లెక్కలో కంపెనీ వైపు తరాలే పనికొచ్చాయి.

అయితే సర్కారు చేతిలో ఉంటే వదలదా అని ఎవరైనా నన్ను ఇరకాటంలో పెట్టొచ్చు. మా జిల్లావాడిని ఈ ప్రశ్న అడగడమే క్రూరత్వం. బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో పుట్టింది. దాని గొట్టం పొగ చూసి చెరుకు వేసిన ఊళ్లు ఎన్నో. 2002లో సర్కారు 51 శాతం ప్రైవేటుకు ఇచ్చింది. 2015 డిసెంబరులో తాళం పడింది. నిజాం, సర్కారు, ప్రైవేటు, ముగ్గురు యజమానులను చూసిన ఫ్యాక్టరీ అది. నడిపించేవాడి మీద నమ్మకంతో చెరుకు వేసినవాడికి మూడుసార్లూ చేతిలో కాగితం లేదు. కాబట్టి నేను కుటుంబం బదులు ఇంకొకణ్ని నమ్మమని చెప్పడం లేదు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో మా జిల్లా రైతులు 178 మంది పోటీలో నిలిచినప్పుడు ఎవరి ఇంటిపేరూ అడగలేదు. బోర్డు అడిగారు, మద్దతు ధర అడిగారు. ఆరేళ్లు తిరిగేసరికి బోర్డు ఆఫీసు తలుపు తెరుచుకుంది. రేపు ఆర్మూర్ పక్కన పసుపు నుంచి కర్కుమిన్ తీసే ఫ్యాక్టరీ పెడతామని ఎవరైనా వస్తే, వచ్చినవాడికి తాత ఉన్నాడా అని చూడటం మానేసి అదే మాదిరి అడగాలి. పంట ఎక్కువై ధర పడిన ఏడు ఎంత కొంటావు, ఏ ధరకు కొంటావు, అది కాగితం మీద ఉందా? మధ్యలో ఫ్యాక్టరీ అమ్మేస్తే కొన్నవాడు ఆ కాగితానికి కట్టుబడతాడా? నీ కంపెనీ పుట్టింది నిజామాబాద్‌లోనా, ఇంకో దేశంలో పుట్టిన కంపెనీకి ఇది పిల్లా? అడిగితే వచ్చినవాడు వెళ్లిపోతాడని భయపెట్టేవాళ్లు చాయ్ హోటల్లో ఇప్పటికే ఉన్నారు. అడిగినందుకు వెళ్లిపోయేవాడు, అడగకపోయినా మూడేళ్లకు వెళ్లేవాడే.

గంజులో మా సేటు పోయి చాలా ఏళ్లయింది. కొడుకులు రెండు పంటలు నడిపి, ఒకరోజు బాపుకు ఫోన్ చేసి, దుకాణం కిరాయికిచ్చాం కాకా, ఈసారి మాల్ ఇంకెక్కడికైనా తీసుకుపొమ్మన్నారు. మర్యాదగానే చెప్పారు. బాపు ఆ అడ్తి తక్‌పట్టీలు, అంటే అమ్మకం రశీదులు, అన్నీ సుతిలీతో కట్టి గూట్లో పెట్టుకున్నాడు, ఈమధ్య విప్పి చూశాను. పైన దుకాణం పేరు, దాని కింద సేటు తాత పేరు అచ్చేసి ఉంది. ఆ కింద గళ్లు: సంచులు, బరువు, ధర, హమాలీ, దడ్వాయి, కమీషన్, చేతికిచ్చింది.